జయనింగ్రత్ పలకడం లేదు

హలో… హలో… ఆఁ, నేనేనమ్మా, తుకిమిన్ పెద్దనాన్నని. చెప్పు రుమీ.

…

ముందు ఏడుపు ఆపు. ఏడుస్తూ ముఖం తుడుచుకుంటే నుదుటి మీద దిద్దిన నల్లరంగు చెదిరిపోతుంది. మీ పిన్ని కోడికూతప్పుడు మొదలుపెట్టి దిద్దింది దాన్ని. ముక్కు చీదుకుని చెప్పు.

… ప్రింటు రావడం లేదా.

… ఎన్నిసార్లు నొక్కావు?… పదిహేడా. సరే. పద్దెనిమిదోసారి నొక్కకు.

… ఇక్కడా? ఇక్కడ అందరూ ఉన్నారు, పెళ్ళికూతురు తప్ప. పెళ్ళి రాసే పెంఘులుగారు చాప మీదే కూర్చుని ఉన్నారు. మీ నాన్న ఆయనకి మూడో గ్లాసు టీ పోశాడు. గువ్వల కూతల గురించి చెప్తున్నాడు. ఏ గువ్వ ఎన్నిసార్లు కూస్తే ఇంటికి మంచిదో… మామూలప్పుడు ఆ కబురు మొదలెడితే మేం లేచిపోతాం. ఇవాళ సాగనీ అంటున్నాం.

… పదిన్నరకి. పదిన్నరకి లేస్తానన్నారు. వాతుగెదే కొండమీద ఆయన రాయాల్సిన పెళ్ళి ఇంకోటి ఉంది. ఈ సాయంత్రం పొద్దు గుంకితే సూరో నెల. సూరోలో మనూళ్ళో ఎవడైనా పెళ్ళాడాడా? ఇవాళ తప్పితే నెల ఆగాలి. వండిన కూర నెల ఆగదు.

… తెలుసు, నీకూ తెలుసు. అందుకే చెప్తున్నా, నిదానంగా ఉండు.

… ఎవరు తిట్టారు? నేను తిట్టలేదే. అడిగానంతే. పంచాయితీ ఆఫీసులో కూర్చుని ఊరందరికీ కాగితాలు రాసిచ్చే పిల్లవి. నీ పెళ్ళి కాగితం దగ్గరికొచ్చేసరికి పోయిన నెల రాసిన కాగితం తీసి, పేర్లు మాత్రం మార్చి, అచ్చేయించేస్తావా? ఆ పోయిన నెలావిడ భర్త పోయిన మనిషి. ఆ ముక్క అలాగే ఉండిపోయింది. పెంఘులుగారు కళ్ళజోడు సర్దుకుని, "అమ్మాయి మొదటి మొగుడి మరణ పత్రం ఏదీ" అన్నప్పుడు పెళ్ళికొడుకు జత్మికో ముఖం నువ్వు చూడలేదు. నేను చూశాను.

… నవ్వడం లేదమ్మా. దగ్గాను.

… ఇప్పుడు తొమ్మిదీ యాభై. ఆఫీసు నుంచి ఇంటికి మోటారుసైకిలు మీద పది నిమిషాలు. సంతకానికీ ముద్రకీ రెండు. ఇంకా ఇరవై ఎనిమిది నిమిషాలున్నాయి. చాలు.

… పక్కన ఎవరది? లూరాగారా? ఏమంటున్నారు?

… ప్రింటరు పీకి తెచ్చి నీ పెట్టెకే గుచ్చేద్దామంటున్నారా. ఊరి పెద్ద కదా, ఆలోచన పెద్దదే. వద్దని చెప్పు. నీ ముందున్నది విండోస్ పెట్టె. బీరువా పక్కన ఉన్నది నేను బిగించిన లైనక్స్ పెట్టె. కాగితాల నమూనాలూ, వరస నంబర్లూ, నీ పెళ్ళి కాగితం కూడా దాని కడుపులోనే ఉన్నాయి. ప్రింటరొక్కటే లాక్కొస్తే దేన్ని అచ్చేస్తారు, లూరాగారి ఆలోచనా?… ఆ చివరి ముక్క చెప్పకు.

… చెప్పేశావా. సరే.

ఆ పెట్టె దీపాలు చూడు. వెలుగుతున్నాయా?… ఆకుపచ్చవి రెండు. మంచిది. వెనకాల తీగ ఒకటి, నీలంది, నీ బల్ల కింద ఉన్న చిన్న డబ్బాలోకి వెళ్తుంది. గట్టిగా ఉందో లేదో చూడు.

… వంగలేవా. అవును, ఆ కొప్పుకి ఐదు మూరల మల్లెదండ వేలాడుతోంది. చీర కూడా మడమల దాకా బిగించేశారు. మరి లూరాగారిని వంగమను.

… వంగమను. ఓట్లడిగినప్పుడు వంగారుగా.

… …

ఏంటా చప్పుడు?… తల తగిలిందా. బల్లకేమీ కాలేదుగా?… తీగ గట్టిగానే ఉందా. అయితే ఆయన్ని అక్కడే ఉండమను, మళ్ళీ వంగడం కష్టం.

ఇప్పుడు నల్ల కిటికీ తెరువు… నేను నేర్పించానే, అక్షరాలు కొట్టేది… ఆ, అదే. పింగ్ అని కొట్టి ఆ పెట్టె నంబరు కొట్టు. బీరువా తలుపు మీద సుద్దముక్కతో రాశాను.

… తుడిచేశారా. ఎందుకు?… నీ పెళ్ళని ఆఫీసు కడిగారా. బాగుంది. నాకు గుర్తుందిలే. ఒకటి తొమ్మిది రెండు, చుక్క… ఒకటి ఆరు ఎనిమిది, చుక్క… ఒకటి, చుక్క, ఐదు. కొట్టు.

… జవాబొచ్చిందా? నాలుగుసార్లూ వచ్చిందా. బతికే ఉంది మరి.

ఇప్పుడు నంబరు వద్దు. పేరుపెట్టి పిలువు. జయనింగ్రత్.

…

దొరకలేదంటోందా. మళ్ళీ పిలువు.

… ఊఁ.

లేదమ్మా, ఆలోచిస్తున్నా. నంబరుతో పిలిస్తే పలుకుతోంది, పేరుతో పిలిస్తే పలకడం లేదు. చెవిటిదైతే దేనికీ పలకకూడదు. దుబాసీ పడుకున్నాడా అంటే… సాంబా, అదే, దానికీ దీనికీ మధ్య మాటలు మోసే సాంబా… వాడూ లేచే ఉండాలి. చూద్దాం. నీ పేరేంటని దాన్నే అడుగుదాం. రాసుకో. ఎన్, బి, టి, స్టాట్… ఖాళీ వదులు… అడ్డగీత, పెద్ద ఏ… ఖాళీ… మళ్ళీ అదే నంబరు.

… వరసలు వచ్చాయా. మొదటి వరసలో మొదటి మాట చదువు.

…

రుమీ?… ఎందుకాగావు? చదువమ్మా.

…

స్లామెత్.

… లేదు, వినపడింది. స్లామెత్ అన్నావు.

నేనా పెట్టెకి పేరు పెట్టింది జయనింగ్రత్ అని. పాడైపోయిన కంప్యూటర్లు మూడు విప్పి, పనికొచ్చే ముక్కలేరి, ఒకటి కట్టాను. దొరల ఇంటి పేరు పెట్టాను. ఈ స్లామెత్ ఎవడు?

… ఊఁ… ఊఁ… ఊళ్ళో పేర్లు పెట్టే కర్యో తాతన్నాడా. ఏమని?

… పేరు బరువైపోయిందనా.

… నెలలో మూడుసార్లు ఆగిపోయిందా. నాకెందుకు చెప్పలేదు? ఫోను చేస్తే విసుక్కుంటాననా… ఎప్పుడు విసుక్కున్నాను?… సరే, ఆ ఒక్కసారీ వరి కోతల్లో ఉన్నాను.

అమ్మాయ్, పిల్లాడికి ఊరికే జ్వరాలొస్తుంటే పేరు మారుస్తారు, నాకూ తెలుసు. నాకూ మార్చారు. నా అసలు పేరు వింటే నువ్వు నిలబడి నమస్కారం పెడతావు. ఐదో ఏట తీసేసి తుకిమిన్ని చేశారు, అప్పట్నుంచీ తుమ్ము కూడా రాలేదు. కానీ నేను పిల్లాణ్ణి. అది రేకు డబ్బా.

… పేరు మార్చింది నీ కాగితం అచ్చయ్యాక, నువ్వు పెళ్ళి సెలవు పెట్టిన రోజా? అప్పట్నుంచీ ఒక్కసారి కూడా ఆగలేదా.

… ఆ రోజు లోపల దుమ్మేమైనా దులిపారా? ఫ్యాను తుడిచారా?… తుడిచారు కదూ. అదీ సంగతి.

… సరే సరే. పేరు వల్లే. టైము లేదు, వాదించను.

మొత్తం పద్ధతిగానే చేశారా? పేరు మార్పుకి కాచే ఎర్రజావా తెల్లజావా కూడా కాచారా?… ఎంతమంది తిన్నారు?… పదకొండు మందా. పెట్టె ముందు కూడా ఒక గిన్నె పెట్టారా.

… లేదు, కోపమేముంది. పెట్టెకి పెట్టారు. పెట్టె కట్టినవాడికి పెట్టలేదు. అంతే కదా.

… మిగల్లేదా. ఊఁ.

పోనీ, పేరు వెనక్కి మార్చేద్దాం. రెండు నిమిషాల పని.

… అరవకు. ఎందుకు మార్చకూడదు?

…

అదీ నిజమేలే. జావ తిన్నాక పేరు వెనక్కి తీసుకుంటే బిడ్డకి మంచిది కాదని మా అమ్మ కూడా అనేది. దీనికేమైనా అయితే నీ కాగితం దాని కడుపులోనే పోతుంది. వద్దు. స్లామెత్ గానే ఉండనీ. పేరుకి తగ్గట్టు చల్లగా ఉండనీ.

… పెంఘులుగారా? ఇంకా ఉన్నారు. గువ్వలు అయిపోయాయి, మీ నాన్న కోడిపుంజుల్లోకి దిగాడు. ఆయన గడియారం చూసుకోవడం రెండోసారి.

ఒక్క సంగతి చెప్పు. కర్యో తాతకి దీపం మీట నొక్కడం రాదు. పెట్టె లోపల పేరు మార్చిన చెయ్యి ఎవరిది?

…

చెప్పవా.

… సరే, చెప్పకు. ఇక్కడ నా ముందు పెళ్ళికొడుకు కూర్చున్నాడు. నేను స్లామెత్ అన్న దగ్గర్నుంచీ చూస్తున్నా. మెడ వెనక చెమట కారి కాలరు తడిసింది. తలపాగా సర్దుకోవడం ఇది నాలుగోసారి. హైస్కూల్లో పిల్లలకి కంప్యూటర్ పాఠాలు చెప్పే మాస్టారు… ఏం జత్మికో, నువ్వేనా నాయనా?

… తలూపాడమ్మా. ఆయనే.

… కాదు, తిట్టను. మెప్పు కోసం చేశాడు, నీ కళ్ళ ముందు. మేమూ చేశాం ఆ వయసులో, కొబ్బరిచెట్లెక్కాం. నువ్వు పని చూడు. ఆ కిటికీ మూసెయ్. పైన దారి రాసే చోట, వెనక్కి వాలిన గీతలు రెండు కొట్టి, స్లామెత్ అని కొట్టు.

… పాస్‌వర్డ్ అడుగుతోందా. ఇంకేం, తలుపు దాకా వచ్చేశాం. మనం వాడేదే కొట్టు.

… ఒప్పుకోలేదా. నిదానంగా కొట్టు, గోరింటాకు వేళ్ళు జారుతుంటాయి.

… మళ్ళీ ఒప్పుకోలేదా.

జత్మికో. పాస్‌వర్డ్ కూడా మార్చావా?

… రుమీ, వింటున్నావా? పేరు మార్చాక పాత పాస్‌వర్డ్ చెల్లలేదట. కొత్తది పెట్టాడట. తరవాత నీ విండోస్ పెట్టె దగ్గరికొచ్చి దానికీ చెప్పాలనుకున్నాడట. ఈలోగా జావ తినడానికి పిలిచారట. వెళ్ళిపోయాడట. మళ్ళీ గుర్తు రాలేదట.

… అవును, సగం పని. పెళ్ళికి ముందే తెలిసింది నీకు, మంచిదే.

ఏంటయ్యా అది? చెప్పు, అమ్మాయి అవతల కొట్టుకుంటుంది.

…

చెప్పవయ్యా.

… రుమీ, నోరు విప్పడం లేదు. పెంఘులుగారి వైపు చూసి భయపడుతున్నాడనుకున్నా. కాదు, వంటపాక వైపు చూస్తున్నాడు. మీ అమ్మ ఉంది అక్కడ, పెద్ద డేగిసాలో లోదే కూర కలియబెడుతోంది.

… నాకేం తెలుసు? ఉండు, చెవిలో చెప్తానంటున్నాడు.

…

…

ఓహో.

… లేదు తల్లీ, ఏమీ లేదు. ఒక్క నిమిషం, బయటికి నడుస్తున్నా. ఇక్కడ చెప్పే మాట కాదు.

… వేరే పిల్ల పేరా? ఛ. కాదు, కాదు. వేరే పిల్ల పేరైతే ఇక్కడే చెప్పేద్దును, ఇంత భయం ఉండేది కాదు.

దొడ్లోకొచ్చా. ఇక్కడ పదిమంది అరిటాకులు తుడుస్తున్నారు. ఇటు వెళ్తే కొబ్బరి కోరేవాళ్ళు… ఈ ఇంట్లో ఒక మాట చెప్పుకోవడానికి జాగా లేదు. కోళ్ళగూటి వెనక్కి పోతున్నా… హలో?… హలో… హలో…

… ఆ, ఇప్పుడు వినపడుతోందా. కోళ్ళ దగ్గర సిగ్నల్ లేదు. సిగ్నలున్నది ఒక్క వంటపాక గుంజ దగ్గరే. గుంజకి ఇటు నేను, అటు మీ అమ్మ. గొంతు తగ్గించి చెప్తా, చెవి ఒగ్గి విను. అన్నీ కలిపి కొట్టాలి, మధ్యలో ఖాళీల్లేవు.

అత్త.

… అత్త. మొగుడి తల్లీ పెళ్ళాం తల్లీ, ఎవరో ఒకరు. అత్త. కొట్టావా?

కూర.

… తినేదే.

ఉప్పు… ఆ. అదే ఉప్పు.

కషాయం.

… వినపడలేదా. ఆ రొద ఏంటి? లూరాగారు మోటారుసైకిలు ఇప్పట్నుంచీ ఎందుకు స్టార్టు చేశారు?… సిద్ధంగా ఉండాలనా. ఆపమను.

… ఆపారా? ఇంకా మోగుతోందే.

… నాకు ఇంతకంటే గొంతు పెంచడానికి వీల్లేదమ్మా. మీ అమ్మ… టైమెంత? పదీ తొమ్మిదా? ఏంటబ్బాయ్, పెంఘులుగారు లేచి నిలబడ్డారా? ఎవరన్నారు?

ఇంక చేసేదేముంది. రుమీ, విను. అత్త కూర ఉప్పు కషాయం! అ-త్త-కూ-ర-ఉ-ప్పు-క-షా-యం! కలిపి!

…

…

రుమీ, ఇక్కడ గరిటెలన్నీ ఆగిపోయాయి.

… కొబ్బరి కోరేవాళ్ళు కూడా.

మీ అమ్మ గుంజ ఇవతలికొచ్చింది… పొనిరా, అలా చూడకు. అది నా మాట కాదు. కంప్యూటరుది.

… తెరుచుకుందా! తెరుచుకుందంట!… నువ్వు తరవాత నవ్వుకో తల్లీ, ముందు పని. పెళ్ళి కాగితాల సంచీ తెరువు. నీది తియ్యి. "భర్త పోయిన" ఎక్కడుందో చూడు. తీసెయ్. "పెళ్ళి కాని" అని పెట్టు.

… నాకు చదివి వినిపించు. పైనుంచి కిందదాకా, ఏదీ వదలకుండా.

… ఊఁ… మీ నాన్న పేరు… ఊఁ… ఊరు… పుట్టిన తేదీ… బాగుంది. ఇంకే మొగుడూ మిగల్లేదుగా? సరే.

ఇప్పుడా పెట్టెలోనే ప్రింటరు బొమ్మ కనపడుతుంది, స్లామెత్ పేరు కింద. రెండుసార్లు నొక్కు… ఒప్పుకుందా… ఇప్పుడు ముద్రించు. ఒక్కసారే! పదిహేడుసార్లు కాదు!

…

… వినపడుతోంది. ఫోను దాని దగ్గర పెట్టు.

…

ఆహా. ఆ గీకుడు వింటుంటే కడుపు నిండింది. పేరు ఏదైతేనేం.

… ఎవరండీ… పెంఘులుగారా. అయ్యా, వచ్చేసింది కాగితం, పది నిమిషాల్లో ఇక్కడుంటుంది… మీరు వెళ్ళాలి, నిజమే, అవతలివాళ్ళు కూడా… ఏమన్నారు?… వెళ్ళరా?

… రుమీ, ఆయన మళ్ళీ కూర్చున్నారు. అత్తగారు ఏమంటుందో విని వెళ్తానంటున్నారు. వాతుగెదే వాళ్ళకి ఫోను చేసి అరగంట ఆగమన్నారు. మీ నాన్న చెప్పే గువ్వలకీ కోళ్ళకీ ఆగని మనిషి దీనికి ఆగారు. నువ్వు సంతకం చేయించు. ముద్ర సరిగ్గా పడిందో లేదో చూసుకో, తొందరలో తలకిందులుగా వేస్తారు లూరాగారు.

… మీ అమ్మా? కదిలింది. ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో గిన్నె. చాప దగ్గరికి వెళ్తోంది… పెళ్ళికొడుకు ముందు కూర్చుంది… గిన్నె పెట్టింది. లోదే.

… తింటున్నాడు. అందరూ చూస్తున్నారు… ఖాళీ చేశాడు… రెండోసారి పోసింది… నీళ్ళ గ్లాసు వైపు చూశాడు. మీ అమ్మ ఆ గ్లాసు ఇటు జరిపేసింది.

… నువ్వు నవ్వు. నీకేం, దూరంగా ఉన్నావు. ఇప్పుడు నన్నడుగుతోంది. ముప్పై ఏళ్ళుగా నా చేతి కూర తింటున్నావు, నువ్వు చెప్పు, నిజమేనా అంటోంది.

… ఏం చెప్పను?

పొనిరా, నీ ఇంట్లో నేను నీళ్ళు ఎక్కువ తాగుతాను. అంతకంటే నన్నడక్కు.

…

… నవ్విందమ్మా. ముందు ఆవిడే నవ్వింది. తరవాత అందరూ. పెళ్ళికొడుకు మాత్రం నవ్వాలో మానాలో తెలియక గిన్నె నాకుతున్నాడు.

… ఆగు, ఏదో చెప్తోంది. ఆ మాట ఆ పెట్టెలో ఉండటానికి వీల్లేదంటోంది. రేపు పొద్దున్నే అల్లుడే వెళ్ళి, ఈసారి పని సగంలో వదలకుండా, కొత్తది పెట్టాలట. ఏం పెట్టాలో తనే చెప్తుందట. రాసుకో.

గిన్నెలు… రోజూ… అల్లుడే… తోముతాడు.

… కలిపి. ఖాళీల్లేవు.

… వాడా? తలూపుతున్నాడు. ఇవాళ దేనికైనా తలూపుతాడు, నీకింకేమైనా అడగాలనుంటే ఇప్పుడే చెప్పు.

… అవును, పెంఘులుగారు కూడా ఏదో అంటున్నారు. పెళ్ళికొడుకు చదవాల్సిన ప్రమాణాలున్నాయి కదా, వాటి చివర ఈ ముక్క కూడా రాసుకోవచ్చా అని మీ నాన్నని అడుగుతున్నారు.

… ఏం చెప్పమంటావు మీ నాన్నతో?… పెద్ద అక్షరాలతోనా. సరే, చెప్తాను.

మోటారుసైకిలు ఎక్కావా?… మల్లెదండ చక్రంలో పడకుండా ఒళ్ళో పెట్టుకో. పెట్టేస్తున్నా.